వెన్నులో మత్తుసూది

"వెన్నులో సూది వేసిరి, నాటినుండి నడుము నాది కాదు" అను మాట నేడు మన ఇండ్లలో తఱచుగా వినబడుచున్నది. శస్త్రచికిత్సచే బిడ్డను గన్న తల్లులు నలుగురు చేరినచోట ఈ ప్రస్తావము రాక మానదు. ప్రక్కన కూర్చుండి వినుచున్న నిండుచూలాలికి గుండె జల్లుమనును. తన దినము వచ్చినపుడు ఆమె మత్తువైద్యుని చేతులు పట్టుకొని, "వెన్నుసూది మాత్రము వలదు, నన్ను పూర్తిగా నిద్రపుచ్చి కోయుడు" అని వేడుకొనును. అట్లు కోరుటలో తప్పేమియు లేదు, శరీరము ఆమెది. కాని తాను దేనిని వలదనుచున్నదో, దానికి బదులు దేనిని కోరుచున్నదో ఎఱిగి కోరుచున్నదా? చెప్పుడు మాటలు విని భయపడి కోరుచున్నదా? ఈ సందేహమే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలనుబట్టి తెలంగాణములో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. దేశము మొత్తముమీద ఈ లెక్క నూటికి 21.5 మాత్రమే. ఇన్ని కోతలు అవసరమా యనునది వేఱొక పెద్ద చర్చ. దానిని మేమిచ్చట ఎత్తికొనము. కోత తప్పదని తేలిన పిమ్మట, దాని బాధ తెలియకుండుటకు గల రెండు త్రోవలలో ఏది ఎట్టిదో మన సోదరీమణులకు విశదపఱచుటయే మా యుద్దేశము.

పూర్తి మత్తు

పూర్తి మత్తనగా మెదడునే నిద్రపుచ్చుట. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరిని పీల్పించెను. వారెను అను శస్త్రవైద్యుడు ఆ రోగి మెడమీది కంతిని కోసెను. రోగి అఱచి గింజుకొనకుండుట చూచి చుట్టునున్నవారు విస్మయము చెందిరి. మఱుసటి యేడు ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు ప్రసవవేదనకు మొదట ఈథరును, పిదప క్లోరోఫారమును వాడెను. ప్రసవవేదన దైవము విధించినది, దానిని తప్పించుట అపచారమని కొందఱు వాదించిరి. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదవ బిడ్డను కనునపుడు జాన్ స్నో అను వైద్యునిచేత క్లోరోఫారమును పుచ్చుకొనుటతో ఆ వాదము బలము తగ్గెను.

అయితే ఈ నిద్రకు మొదటినుండియు వెలయున్నది. 1848లో ఇంగ్లండునందు 15 ఏండ్ల బాలిక యొకతె కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, అచ్చటనే ప్రాణము విడిచెను. అటుపిమ్మట అట్టి మరణములు మఱికొన్ని జరిగినవి. ఆ మందు మొదట గుండెను ఆపునా, ఊపిరిని ఆపునా అని వైద్యలోకము రెండుగా చీలినది.

ఆ తగవు తీర్చుటకు పూనుకొన్నది మన హైదరాబాదే. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఇచ్చిన ధనసాహాయ్యముతో రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ 1888, 1889 సంవత్సరములలో రెండు పరిశోధక సంఘములను నడపెను. వీనికే హైదరాబాదు క్లోరోఫారము కమిషనులని పేరు. ఈ పనిలో పాలుగొన్నవారిలో హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ యను పార్సీ మహిళ యొకరు. రోగులకు క్లోరోఫారము నిచ్చుటలో నేర్పు గడించి, పై చదువులకై ఎడింబరో వఱకు వెళ్ళిన ఆమెను ప్రపంచమున మొట్టమొదటి మహిళా మత్తువైద్యురాలని పలువురు పేర్కొనుచున్నారు. ఈ సంగతి మన పిల్లలకు పాఠపుస్తకములలో కానరాదు గాని, గర్వముగా చెప్పుకొనదగినది.

ఊపిరియే ముందు ఆగును గావున ఊపిరినే కనిపెట్టియుండవలెనని ఆ కమిషను తేల్చెను. గుండె సైతము హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో మఱియొకరు నిరూపించుటతో ఆ తీర్పు సగమే సత్యమైనది. నేడు క్లోరోఫారము లేదు. ఈథరును దాదాపు మూలబడినది. వానికంటె ఎంతో సురక్షితమైన మందులు వచ్చినవి. రక్తములోని ప్రాణవాయువును వ్రేలికి తగిలించిన చిన్న పరికరము క్షణక్షణము చూపుచుండును. సాధారణముగా ఆరోగ్యవంతులకు పూర్తి మత్తు నేడు భయపడదగినది కాదు.

చూలాలి విషయము

అయినను నిండుచూలాలి శరీరము తక్కినవారి శరీరమువంటిది కాదు. పెరిగిన గర్భము జీర్ణాశయమును పైకి నెట్టును. గర్భిణీదశలో ఊరు రసములచే జీర్ణాశయపు పైమూతి వదులగును. నొప్పులు ప్రారంభమైన పిదప తిన్నది చాలసేపు అరగదు. మెలకువ యున్నపుడు ఆహారము గొంతులోనికి ఎగదట్టినచో దగ్గి వెలికి త్రోయుదుము. పూర్తి మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులోని పులిసిన రసము ఊపిరితిత్తులలోనికి జారిన యెడల ప్రాణాపాయము. 1946లో న్యూయార్కునందు మెండెల్సను అను వైద్యుడు 44,016 గర్భిణుల సంగతులను పరిశీలించి, వారిలో 66 మందికి మత్తులో ఈ ప్రమాదము జరిగినట్లును, ఇద్దఱు ఊపిరాడక మరణించినట్లును ప్రకటించెను. కాన్పుగదిలో ఆహారముపై కట్టుబాట్లు బిగిసినది అప్పటినుండియే.

రెండవ చిక్కు ఊపిరిగొట్టము. పూర్తి మత్తిచ్చినపుడు గొంతుగుండ శ్వాసనాళములోనికి ఒక గొట్టమును దింపి దానిగుండ ఊపిరి యందింతురు. గర్భిణుల గొంతులోపల వాపుండుట కద్దు. అందుచే గొట్టము దిగుట కష్టమగును. సుమారు 400 మంది గర్భిణులలో ఒకరికి ఆ గొట్టము దింపుట సాధ్యము కాదని లెక్కలు చెప్పుచున్నవి. తక్కిన రోగులలో అట్టివారు ఇంతకంటె చాల తక్కువ. పైగా బిడ్డకు గూడ తల్లియే ప్రాణవాయువు నందించుచుండుటచే ఊపిరి యాగిన కొద్ది నిమిషములలోనే రక్తములో దాని పాలు తగ్గిపోవును.

మూడవది బిడ్డ. తల్లి మెదడును నిద్రపుచ్చు మందు మావిని దాటి బిడ్డను గూడ చేరును. వైద్యులు వేగముగా బిడ్డను తీసి ఈ దోషమును చాలవఱకు తప్పింతురు గాని, బిడ్డ మొదటి నిమిషములలో మందకొడిగా నుండవచ్చును. అందుకని మందు తక్కువ ఇచ్చినచో మఱియొక కీడు. 2014లో ఇంగ్లండునందు ప్రకటించిన దేశవ్యాప్త విచారణలో, పూర్తి మత్తుతో జరిగిన సిజేరియనులలో సుమారు 670కి ఒకరు శస్త్రచికిత్స నడుమ తెలివి వచ్చినట్లు తరువాత చెప్పిరని తేలినది. అన్ని శస్త్రచికిత్సలను కలిపి చూచినచో ఇది 19,000కు ఒకటి మాత్రమే. "నాకేమియు తెలియకుండవలె" నని పూర్తి మత్తును కోరు సోదరి ఈ లెక్కను గూడ ఎఱిగియుండుట మంచిది.

వెన్నుసూది పుట్టుక

రెండవ త్రోవ మెదడు జోలికి పోక, నొప్పిని మోసికొనిపోవు నరములను మాత్రము కొంతసేపు మూగవానిని చేయుట. 1884లో వియన్నా నగరమున కోలరు అను యువవైద్యుడు కొకెయిను ద్రావకమును కంటిలో వేసినచో కన్ను తిమ్మిరెక్కునని కనిపెట్టెను. 1898 ఆగస్టు 16వ తేదీన జర్మనీలోని కీల్ నగరమున బీర్ అను శస్త్రవైద్యుడు అదే మందును ఒక కూలివాని వెన్నులోనికి ఎక్కించి, బాధ లేకుండ అతని కాలికి శస్త్రచికిత్స చేసెను. పది దినములు తిరుగకముందే బీరును, అతని సహాయకుడు హిల్డెబ్రాంటును ఒకరిపై నొకరు ఈ ప్రయోగము చేసికొనిరి. సహాయకుని మోకాలిక్రింది ఎముకపై సుత్తితో కొట్టినను అతనికి నొప్పి తెలియలేదు. మఱునాటినుండి బీరుకు కూర్చుండినచో భరింపరాని తలనొప్పియు, పండుకొన్నచో ఊరటయు కలిగెను. ఆ తలనొప్పి సంగతి ముందు చెప్పుదుము. 1900లో స్విట్జర్లాండులోని బాసెలునందు క్రైస్ అను వైద్యుడు ఈ విధానమును ప్రసవవేదనకు ప్రయోగించెను.

కొకెయిను విషప్రాయమైనది, దానిని ఎన్నడో మానివేసిరి. నేడు సిజేరియనుకు ఎక్కువగా వాడునది 1957లో స్వీడనునందు తయారైన బ్యుపివకెయిను అను మందు. దీనిలో కొంచెము చక్కెర కలిపి, వెన్నులోని నీటికంటె బరువుగా నుండునట్లు చేయుదురు. బరువైన మందు ఎటు వాలునో ఎఱిగిన వైద్యుడు, రోగిని పండుకొనబెట్టు తీరునుబట్టి దానిని కావలసినంతమేరకు ప్రాకించును. ఇంతకును ఎక్కించు మందు సుమారు రెండు మిల్లీలీటర్లు. అనగా అర చెంచాకు లోపు.

వెన్నులో ఏమి జరుగును?

మన వెన్నుపూసల నడుమ మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము అను నరముల త్రాడు కలదు. "ఆ త్రాడులో సూది గ్రుచ్చుకొన్నచో కాళ్ళు పడిపోవా?" అని చాలమంది భయపడుదురు. పెద్దవారిలో ఈ వెన్నుపాము నడుములోని మొదటి రెండు పూసలదగ్గఱనే ముగియును. సూది వేయునది అంతకు దిగువన, సాధారణముగా మూడవ నాల్గవ పూసల నడుమ. అచ్చట నుండునది త్రాడు కాదు. జడకుచ్చులలోని దారములవలె విడివిడిగా నీటిలో వ్రేలాడు నరములు. సన్నని సూది మొన తగిలినను అవి సాధారణముగా ప్రక్కకు ఒరగును. ఆ నీటిలో కలసిన మందు నరములను తడిపి, కొంతసేపు వానిచేత మౌనవ్రతము పట్టించును.

ఈ సూది వేయునపుడు తల్లిని బల్ల అంచున కూర్చుండబెట్టి, గడ్డము రొమ్మునకు ఆనునట్లు ముందుకు వంగుమందురు. లేదా ప్రక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకొని పండుకొమ్మందురు. వీపు వంగినకొలది పూసల నడుమ సందు విప్పారును. చల్లని మందుతో వీపును తుడిచి, మొదట చర్మమునకు చిన్న తిమ్మిరిసూది వేయుదురు. దాని చుఱుకు చీమకుట్టినంత. అటుపై వెన్నుసూది వేయునపుడు ఒత్తిడి తోచును. ఒకవేళ కాలిలోనికి మెఱుపువంటి జివ్వుమను బాధ కలిగినచో కదలక, వెంటనే "కుడికాలు" లేక "ఎడమకాలు" అని చెప్పవలెను. వైద్యుడు సూదిని సవరించుకొనును.

మందు ఎక్కిన కొలది నిమిషములలో పాదములు వెచ్చనై, పిదప కాళ్ళు బరువెక్కి మాట వినవు. మంచుగడ్డనో తడి దూదినో చర్మముపై నాడించి, చల్లదనము రొమ్ములమట్టము వఱకు తెలియకున్నదని రూఢిచేసికొనిన తరువాతనే కోత మొదలు పెట్టుదురు. నొప్పి తెలియదు గాని తాకిడియు, లాగుడును తెలియును. బిడ్డను తీయునపుడు ఎవరో పొట్టపై గట్టిగా నొక్కినట్లుండును. ఇది ముందుగా తెలియనందున "మత్తు పనిచేయలేదు" అని భయపడువారు పెక్కుమంది. రొమ్మువఱకు తెఱ కట్టియుందురు గాన కోత కనబడదు. మత్తు ఒకటిన్నర రెండు గంటలలో తగ్గుముఖము పట్టును.

మూడు భయములు

మొదటి భయము కాళ్ళు పడిపోవునని. ఇది గాలిలోనుండి పుట్టినది కాదు. 1947లో ఇంగ్లండులోని చెస్టరుఫీల్డునందు ఒకే దినమున వెన్నుసూది వేయించుకొన్న ఇద్దఱు పురుషులకు కాళ్ళు పడిపోయినవి. మందు బుడ్లను ఉంచిన ఫినాలు ద్రావకము కంటికి కనబడని పగుళ్ళగుండ లోనికి దిగినదని న్యాయస్థానము 1954లో నమ్మెను. పరికరములను కాచు పాత్రలో మిగిలిన ఆమ్లమే కారణమని తరువాతి వైద్యులు కొందఱు తలంచిరి. ఎట్లయినను దోషము శుభ్రతది గాని విధానముది కాదు. అయినను ఆ వార్త మూలమున ఇంగ్లండులో చాల యేండ్లు వెన్నుసూది మూలబడెను. ఇప్పుడు సూదియు మందును ఒక్కమాఱు వాడి పాఱవేయునవియే. 2009లో అదే దేశమున ప్రకటించిన విచారణలో, ఒక్క యేట వేసిన సుమారు 7 లక్షల వెన్నుమత్తులను లెక్కించి చూడగా, శాశ్వతమైన హాని లక్షకు రెండునుండి నాలుగుగా తేలినది. ప్రసవముల విషయమున అది ఇంకను తక్కువ. అసలు లేదని మేము చెప్పము. ఎంత అరుదో చెప్పుచున్నాము.

రెండవ భయము నడుమునొప్పి. ఇదియే మన ఇండ్లలో పెద్దది. 1990లో బర్మింగుహామునందు పదునొకండు వేలకు మించిన తల్లులను ఉత్తరములద్వారా ప్రశ్నించి, వెన్నులో మత్తు పుచ్చుకొన్నవారికి నడుమునొప్పి ఎక్కువని పరిశోధకులు ప్రకటించిరి. అయితే అది జరిగిపోయినదానిని జ్ఞాపకము చేసికొని చెప్పిన లెక్క. పిదప నొప్పులు పడుచున్న తల్లులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు వెన్నులో గొట్టముద్వారా మత్తిచ్చి, రెండవ జట్టుకు వేఱు ఉపాయములు చూపి, ఏండ్లతరబడి కనిపెట్టి చూచిరి. 2002లో వెల్లడియైన ఆ ఫలితములో రెండు జట్ల నడుమునొప్పికిని భేదము కానరాలేదు.

మఱి నొప్పి అబద్ధమా? కాదు. నొప్పి నిజమే, దానికి చెప్పు కారణమే పొరపాటు. నవమాసములు ముందుకు లాగిన బరువు, గర్భిణీదశలో వదులైన కీళ్ళు, సాగి బలహీనపడిన పొట్టకండరములు, గంటలకొలది వంగి పాలిచ్చుట, బిడ్డను ఒకే చంకన మోయుట, నిద్రలేమి, ఇవన్నియు నడుముమీదనే పడును. సూది వేయించుకొనకుండ సహజముగా కన్నవారిలో గూడ ఈ నొప్పి కలవారు కోకొల్లలు. సూది గ్రుచ్చినచోట కొన్ని దినములు సలుపుండవచ్చును, అది చల్లాఱిపోవును. నిందను సూదిపై త్రోసివేసినందున కలుగు నష్టమేమనగా, అసలు కారణమునకు చికిత్స జరుగదు. వీపునకు ఆధారముంచి కూర్చుండి, బిడ్డను దిండుపై నెత్తుకొని పాలిచ్చుట, వైద్యుల యనుమతితో పొట్టకును నడుముకును తగిన వ్యాయామము చేయుట, బరువులు ఇతరులచేత ఎత్తించుట, ఇవి చేసినచో చాలమందికి ఉపశమనము కలుగును. "సూది వేసిరి, ఇంక ఇంతే" అని ఊరకున్నవారికి కలుగదు.

మూడవది తలనొప్పి. బీరు పడిన బాధ ఇదియే. సూదిరంధ్రముగుండ వెన్నునీరు కాఱుటచే కూర్చుండినపుడు తలపోటు వచ్చును. వెనుక వాడిన లావు సూదులతో ఇది సర్వసాధారణము. ఇప్పటి సూదులు వెండ్రుకవలె సన్ననివి; మొన పెన్సిలు చెక్కినట్లుండి పొరను కోయక దారములను ప్రక్కకు జరుపును. వీనితో నూటికి ఒకరికో అంతకు తక్కువగనో తలనొప్పి వచ్చుచున్నది. దినమంతయు తలగడ లేకుండ వెల్లకిల పండుకొన్నందున అది రాకుండునని పరిశోధనలలో తేలలేదు. వచ్చి తగ్గకున్నచో రోగి రక్తమునే కొంచెము తీసి వెన్నుపొర వెలుపల ఎక్కించి రంధ్రమును మూయు చికిత్స కలదు. లేచి కూర్చుండలేని తలనొప్పిని బాలింతలకు సహజమని దాచుకొనక వైద్యునికి తెలుపవలెను.

రెండు ప్రక్కలను చూడవలెను

వెన్నుసూదికిని లోపములు కలవు. మందు ఎక్కిన వెంటనే రక్తపుపోటు తగ్గి కడుపులో త్రిప్పుట, కండ్లు తిరుగుట కలుగవచ్చును. దానికి తల్లిని కొంచెము ఎడమప్రక్కకు ఒరగించి, మందు లెక్కించి సరిచేయుదురు. వణకు వచ్చుట గూడ కలదు. కొందఱికి మందు చాలక పూర్తి మత్తునకు మాఱవలసివచ్చును. రక్తము గడ్డకట్టని వ్యాధి యున్నవారికిని, రక్తమును పలుచన చేయు మందులు వాడుచున్నవారికిని, సూది వేయుచోట చీము పట్టినవారికిని, విపరీతముగా రక్తస్రావమై సొమ్మసిల్లినవారికిని, బిడ్డను నిమిషములలో తీయవలసిన ఆపదయందును పూర్తి మత్తే శరణ్యము. అట్టి వేళ వైద్యుడు "నిద్రపుచ్చెదను" అన్నచో వాదింపరాదు.

అమెరికాలో 1985–90 నడుమ సిజేరియనులో పూర్తి మత్తువలని మరణములు వెన్నుమత్తువలని మరణములకు సుమారు 17 రెట్లుగా నుండెను. 1997–2002 నాటికి ఆ భేదము రెండు రెట్లకు లోపు తగ్గినది. పరికరములు, నేర్పు పెరుగుట దీనికి ముఖ్యకారణములు. కావున ఒకటి అమృతము, మఱియొకటి విషమని మేము చెప్పుట లేదు. తొందర లేనపుడు, అడ్డంకులు లేనపుడు నిండుచూలాలికి వెన్నుసూదియే మేలని వైద్యలోకము నిర్ణయించినది. ఆ నిర్ణయమునకు వెనుక శతాబ్దమునకు మించిన అనుభవమున్నదని మాత్రమే చెప్పుచున్నాము.

కాన్పునకే కాదు, పొట్టలో చేయు ఇతర శస్త్రచికిత్సలకును ఈ విధానము పనికివచ్చును. గర్భసంచి తీయుటకు, బొడ్డుదిగువ హెర్నియాకు, పిల్లలు పుట్టకుండ చేయు శస్త్రచికిత్సకు దీనిని వాడుచున్నారు. ఉబ్బసమో ఊపిరితిత్తుల బలహీనతయో కల పెద్దవారికి ఊపిరిగొట్టము తప్పుట గొప్ప మేలు. 1921లో స్పెయినుదేశపు పాజేస్ అను సైనికవైద్యుడు వెన్నుపొర వెలుపల మందుంచు మఱియొక విధానమును ప్రకటించెను. నేడు అచ్చట సన్నని గొట్టమునుంచి, కావలసినన్ని గంటలు కొంచెము కొంచెముగా మందు నందింతురు. కాలేయము, జీర్ణాశయము మొదలగు పైకడుపు భాగములకు జరుగు దీర్ఘమైన శస్త్రచికిత్సలకు సాధారణముగా పూర్తి మత్తే ఇత్తురు. అయినను పిదప వచ్చు నొప్పికి ఈ గొట్టమును తోడుగా నుంచుట కలదు. నొప్పి తగ్గినవారు గట్టిగా ఊపిరి పీల్చి దగ్గగలరు; త్వరగా లేచి తిరుగగలరు.

గృహిణులు గుర్తుంచుకొనదగినవి

ముందుగా నిర్ణయమైన శస్త్రచికిత్సకు ఆఱు గంటల ముందునుండి ఆహారమును, పాలును పుచ్చుకొనరాదు. మంచినీరు రెండు గంటల ముందువఱకు త్రాగవచ్చును. వెన్నుసూదియే గదా యని ఈ నియమమును సడలింపరాదు. నడుమ పూర్తి మత్తునకు మాఱవలసిన అవసరము ఎవరికి కలుగునో ముందు తెలియదు. "పాపము, నీరసముగా నున్నది" అని అత్తగారో అమ్మగారో చాటుగా ఇచ్చిన గ్లాసెడు పాలు ప్రేమతో నిచ్చినవే; కాని ఆ సంగతి దాచినచో అవే ప్రాణముమీదికి తెచ్చును. త్రాగినచో త్రాగితినని చెప్పవలెను.

వాడుచున్న మందులు, వెనుకటి శస్త్రచికిత్సలు, పడని మందులు, తఱచుగా చిగుళ్ళనుండి రక్తము కాఱుట, వెన్నుకు తగిలిన దెబ్బలు, అన్నియు మత్తువైద్యునికి ముందే తెలుపవలెను. ఆయనను లేక ఆమెను ప్రశ్నించుటకు మొగమాటపడవలదు. "నాకు ఏ మత్తు? ఎందుకు? అది చాలకున్నచో ఏమి చేయుదురు?" అను మూడు ప్రశ్నలు చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరకు చెప్పుచున్నాము. ఓర్చుకొనుట స్త్రీకి ఆభరణమని మనకు చిన్ననాటినుండి నేర్పిరి. ఆ ఆభరణమును శస్త్రచికిత్స గది గుమ్మమువద్దనే తీసివేయుడు. లాగుడు సహజము, నొప్పి సహజము కాదు. కోత నడుమ నొప్పి తెలిసినచో "నాకు నొప్పిగా నున్నది" అని బిగ్గఱగా చెప్పుడు. మందు పెంచుటకు, వేఱు మందిచ్చుటకు, కావలసినచో నిద్రపుచ్చుటకు తలదగ్గఱ మత్తువైద్యుడు కూర్చుండియున్నది అందుకే. పూర్తి మత్తులో నున్నవారికి ఈ మాట చెప్పుకొను వీలు లేదు. వెన్నుసూది రొమ్ముక్రింది భాగమును మాత్రమే మూగపఱచి, నోటిని మనకు విడిచిపెట్టుచున్నది. ఆ నోటితో అడుగుట, చెప్పుట, పిదప బిడ్డ తొలియేడ్పు విని పేరుపెట్టి పిలుచుట, ఈ మూడును తల్లి హక్కులే.